గోంగూర చేసిన నేరమేమిటి?

"ఏరా పెద్దోడా, ఇనప పెనం మీద అట్టు పోసుకుని తింటే ఆ ఇనుము తలకాయలోకి ఎక్కుద్దా?"

పొద్దున్నే ఏడు గంటలకు పిన్ని ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. పత్రికాఫీసులో పనిచేసేవాడికి లోకంలో తెలియని సంగతే ఉండదని మా బంధువులకు గట్టి నమ్మకం. మిర్చి రేటు నుంచి పెళ్లి ముహూర్తం దాకా నన్నే అడుగుతారు. కానీ పెనం గురించి అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

పిన్ని వాళ్లది పర్చూరు దగ్గర పల్లె. నల్లరేగడి నేల. ఓ నాలుగెకరాల్లో మిరప, మిగతాది పత్తి. అరగంట మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. వారం రోజుల నుంచి ఆ ఇంట్లో గోంగూర వండటం లేదు. రాగి జావ బంద్. మునగాకు పెరట్లోనే ఉంది కానీ కోయడం లేదు. ఇనప పెనం అటకెక్కింది. అన్నిటికన్నా ముఖ్యమైంది... రక్తం తక్కువగా ఉందని పిన్ని కూతురికి, అంటే మా చెల్లికి, ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రల డబ్బా చెత్తకుప్పలోకి వెళ్లిపోయింది.

కారణం? ఎమ్మారై రిపోర్టులో ఒక్క మాట. 'మెదడులోని మచ్చల అంచుల్లో ఇనుము చేరి ఉంది' అని.

కాస్త వెనక్కి వెళ్దాం. చెల్లికి ఇరవై తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతుండగా ఎడమ కన్ను మసకబారింది. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. కల్లంలో ఉన్నవాళ్లకు కళ్లు మండటం కొత్తా? 'కారం పడింది, చన్నీళ్లతో కడుక్కో' అన్నారంతా. మూడు వారాల్లో దానంతటదే తగ్గింది. మర్నాటి ఏడు పత్తి తీసే రోజుల్లో నడుం కింద నుంచి కాళ్లు తిమ్మిర్లెక్కాయి. ఊళ్లోని ఆర్ఎంపీ బలానికి సూదులు వేశాడు. నెలరోజుల్లో అదీ తగ్గింది. సూది పనిచేసిందనుకున్నారు. మొన్న మార్చిలో మిట్టమధ్యాహ్నం కల్లంలో నిలబడి ఉండగా కాళ్లు మడతపడిపోయాయి. నీడకు తీసుకొచ్చి ఫ్యాను కింద పడుకోబెడితే ముప్పావు గంటకు లేచి కూర్చుంది. 'గాలి సోకింది' అన్నది ఎదురింటి అవ్వ. పిన్ని మాత్రం ఈసారి భయపడి గుంటూరు కొత్తపేటకు తీసుకెళ్లింది. న్యూరాలజీ డాక్టరు ముందు కన్ను సంగతి అడిగారట. 'కాళ్ల జబ్బుకి వస్తే కంటి గురించి అడుగుతాడేంది' అని పిన్ని విసుక్కుంది కూడా!

ఆ మూడింటినీ కలిపి చూస్తేనే జబ్బు పేరు తెలుస్తుంది. మల్టిపుల్ స్క్లీరోసిస్. క్లుప్తంగా ఎం.ఎస్.

పొలంలో మోటారుకు వెళ్లే వైరుని ఎలుకలు కొరికితే ఏమవుతుంది? పైనున్న ప్లాస్టిక్ తొడుగు పోయి, లోపలి తీగ బయటపడుతుంది. కరెంటు ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. మన నరాల తీగలకూ అలాంటి తొడుగు ఉంది. మైలిన్ అంటారు. రోగాల మీద పోరాడాల్సిన రక్షణ కణాలే దారి తప్పి ఈ తొడుగును కొరకడం మొదలుపెడితే ఎం.ఎస్. వస్తుంది. కంటి నరం మీద పడితే చూపు మసక. వెన్నుపాములో పడితే కాళ్ల తిమ్మిరి. దాడి సద్దుమణిగాక ఒళ్లు కొంతవరకు మరమ్మతు చేసుకుంటుంది కాబట్టి లక్షణాలు తగ్గిపోతాయి. అదే అసలు చిక్కు. 'తగ్గిందిగా' అనుకుంటాం.

1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు ఈ జబ్బును మొదటిసారి వివరంగా వర్ణించాడు. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా దీనితో బతుకుతున్నారని అంచనా. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చలిదేశాల వాళ్ల జబ్బని మన దగ్గర చాలాకాలం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. స్కానింగులు వచ్చాక మనవాళ్లలోనూ కనిపించడం మొదలైంది. అంతకుముందు ఎంతమంది ఆడవాళ్ల కాళ్లు 'గాలి' ఖాతాలోకి, 'నరాల బలహీనత' ఖాతాలోకి పోయాయో ఎవరికెరుక!

మరి కల్లంలోనే ఎందుకు పడిపోయింది? 1890లో ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు ఒక వింత గమనించాడు. కొందరు రోగులకు ఒళ్లు వేడెక్కితే చూపు తగ్గుతోంది, చల్లబడితే తిరిగి వస్తోంది. తొడుగు పోయిన తీగలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కబురు సరిగ్గా అందదు. స్కానింగులు లేని రోజుల్లో అనుమానమున్న రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి పరీక్షించేవారట. రెంటచింతల ఎండల గురించి ఏటా వార్తలు రాసే మాకు వేరే తొట్టెందుకు? మన మార్చి, ఏప్రిల్ నెలలే పెద్ద తొట్టి. వేడికి వచ్చిన ఇబ్బంది చల్లబడితే పోతుంది. దానివల్ల కొత్తగా నష్టం జరగదు. కాకపోతే పని తెల్లవారుజామునే ముగించుకోవడం, మెడ చుట్టూ తడిగుడ్డ వేసుకోవడం అవసరం. చెల్లికి ఇప్పుడు మధ్యాహ్నం కల్లం నిషిద్ధం.

ఇక ఇనుము సంగతి. ఆ శనివారం సెలవు పెట్టి పిన్నినీ చెల్లినీ తీసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లాను. పిన్ని కూర్చోకముందే అడిగేసింది, "అయ్యా, ఏం తింటే ఎక్కింది ఆ ఇనుము?"

డాక్టరు నవ్వలేదు. ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి, "అమ్మా, ఇనుము మీ తలకాయలోనూ ఉంది, నా తలకాయలోనూ ఉంది" అన్నారు.

నిజమే. 1958లో స్వీడన్‌కు చెందిన హాల్‌గ్రెన్, సురాండర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చనిపోయినవారి మెదళ్లలో ఇనుమెంతో భాగాలవారీగా కొలిచారు. పుట్టినప్పుడు దాదాపు ఉండదు. యౌవనం దాకా వేగంగా పెరుగుతుంది. మెదడు లోతుల్లోని ఒక చిన్న భాగంలోనైతే కాలేయంలో కన్నా ఎక్కువుంది! ఇనుము లేకపోతే మెదడుకు పని జరగదు. అసలు మైలిన్ తొడుగును అల్లే కణాలే మెదడులో ఇనుమును ఎక్కువగా దాచుకుంటాయి. తొడుగు తయారీకి అది ముడిసరుకు లాంటిదన్నమాట.

ఎం.ఎస్. దాడిలో ఆ కణాలు చచ్చిపోతే వాటిలోని ఇనుము బయటికి ఒలుకుతుంది. శుభ్రం చేయడానికి వచ్చిన రక్షణ కణాలు దాన్ని మింగుతాయి. మింగి ఊరుకుంటే బాగుండేది. కొన్ని మచ్చల్లో ఈ కణాలు అంచు చుట్టూ మకాం వేసి, ఏళ్ల తరబడి చల్లారకుండా ఉండిపోతాయి. పైకి మంట కనబడదు కానీ ఊక కుప్పలో నిప్పులా లోపల్లోపల రగులుతూనే ఉంటుంది. వియన్నాలో హాన్స్ లాస్‌మన్ బృందం చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి 2013లో ఈ ఇనుము లెక్కలు ప్రచురించింది. అంటే చెల్లి రిపోర్టులోని ఇనుము గోంగూరలోంచి వచ్చింది కాదు, మెదడు తన దగ్గరున్నదే పారబోసుకున్నది.

దాన్ని బతికున్న మనిషిలో, తల కోయకుండా ఎలా చూస్తున్నారు? ఎమ్మారై యంత్రమంటే ఒక పెద్ద అయస్కాంతం. దిక్సూచి పక్కన మేకు పెడితే ముల్లు పక్కకు తిరుగుతుంది చూడండి... అలాగే మెదడులో ఇనుమున్న చోట అయస్కాంత క్షేత్రం కాస్త చెదిరిపోతుంది. ఆ చెదురును పట్టుకునే పద్ధతిని మార్క్ హాకె, రైషెన్‌బాక్ తదితరులు 1990ల చివరి నుంచి అభివృద్ధి చేశారు. దాని పేరు ఎస్.డబ్ల్యు.ఐ. అందులో రగిలే మచ్చ చుట్టూ నల్లటి ఉంగరంలా అంచు కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన క్యు.ఎస్.ఎం. పద్ధతి ఇనుము ఎంత ఉందో అంచనా కూడా కట్టగలదు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో ఇయన్ యంగ్ బృందం ఎం.ఎస్. మచ్చలను ఎమ్మారైలో తొలిసారి చూపించింది 1981లో. అప్పుడు మచ్చ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఇప్పుడు మచ్చ చల్లారిందా, రగులుతోందా అని అడగగలుగుతున్నాం.

ఈ నల్ల ఉంగరాలకు ఎందుకంత ప్రాధాన్యం? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మార్టినా అబ్సింటా, డేనియల్ రైక్ బృందం 192 మంది రోగులను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించింది. నూటికి 56 మందిలో కనీసం ఒక ఉంగరం మచ్చ ఉంది. 22 మందిలో నాలుగు, అంతకన్నా ఎక్కువ. ఈ నాలుగు దాటినవాళ్లకు నడకలో, ఆలోచనలో ఇబ్బందులు చిన్న వయసులోనే వచ్చాయి. చెల్లికి ఉన్నవి రెండు. ఆ మాట విన్నాక పిన్ని ముఖంలోకి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. డాక్టరే అన్నారు, "రెండే ఉన్నాయి. అందుకే మందు ఇప్పుడే మొదలుపెడదాం అంటున్నాను" అని.

ఉంగరం వల్ల ఇంకో ఉపయోగం ఉంది. ఎం.ఎస్. లాగే కనిపించే ఎన్.ఎం.ఓ. అనే జబ్బు మన దేశంలో కొట్టిపారేయదగ్గది కాదు. దానికి కారణమైన యాంటీబాడీని 2004లో కనుక్కున్నారు. ఎం.ఎస్.కి వాడే కొన్ని మందులు దానికి వాడితే జబ్బు ముదురుతుంది. ఎన్.ఎం.ఓ.లో ఈ ఉంగరాలు అరుదు. అందుకే 2024లో సవరించి 2025లో ప్రచురించిన ఎం.ఎస్. నిర్ధారణ నియమాల్లో ఉంగరం మచ్చలకూ, మచ్చ మధ్యలో కనిపించే సన్నటి సిరకూ చోటిచ్చారు. అయినా మన డాక్టరు ఆ యాంటీబాడీ రక్తపరీక్ష కూడా రాసి, అది రాలేదని తేలాకే ముందుకెళ్లారు.

రిపోర్టులో పిన్ని పట్టించుకోని రెండో వాక్యం ఒకటుంది. నాకైతే అదే ఎక్కువ భయం పుట్టించింది. 'మెదడు పరిమాణం వయసుకు తగినట్టే ఉంది' అని. ఇందులో భయమేముంది అంటారా? ఇప్పుడు సరిగ్గానే ఉంది. ఇక ముందు ఉంటుందా అన్నదే ప్రశ్న. మామూలు మనిషికి మెదడు ఏడాదికి నూటికి 0.1 నుంచి 0.3 వంతు తగ్గుతుంది. మందు వాడని ఎం.ఎస్. రోగిలో 0.5 నుంచి 1 వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎండలో పోసిన మిరపకాయలా ముడుచుకుపోతుందనుకునేరు! కంటికి తెలియనే తెలియదు. కంప్యూటరుతో కొలిస్తేనే బయటపడుతుంది. అది కూడా ఒకే స్కానుతో తేలదు. మనిషి నీళ్లు తక్కువ తాగి వచ్చినా ఆ రోజు కొలత మారిపోతుంది. ఏళ్ల తరబడి, వీలైతే ఒకే యంత్రం మీద తీసిన స్కానుల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకని దయచేసి పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి. మా ఊళ్లో ఒకాయన ఎక్స్‌రే ఫిల్ముని పగిలిన కిటికీ అద్దానికి అతికించాడు. ఎమ్మారై ఫిల్ము పెద్దది, ఇంకా బాగా పనికొస్తుందన్న ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోండి.

ఇనుముకూ ఈ తరుగుదలకూ కూడా లంకె ఉంది. బఫెలోలో జివాదినోవ్ బృందం 600 మంది రోగులను, 250 మంది ఆరోగ్యవంతులను క్యు.ఎస్.ఎం.తో పోల్చి 2018లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి చెప్పింది. రోగుల మెదడు లోతుల్లో కొన్నిచోట్ల ఇనుము పెరిగింది, నిజమే. కానీ మెదడుకు జంక్షన్ లాంటి థాలమస్‌లో మాత్రం తగ్గింది! ఇనుము దాచుకునే కణాలే పోతే ఇనుమెక్కడుంటుంది? ఒకచోట ఎక్కువైనా చిక్కే, ఇంకోచోట తక్కువైనా చిక్కే. గోంగూర మానేస్తే ఇందులో ఏది సరవుతుంది చెప్పండి.

పోనీ ఇనుమును మందుతో లాగేస్తే? అదీ ప్రయత్నించారు. తలసీమియా పిల్లలకు ఒంట్లో పేరుకున్న ఇనుము తీయడానికిచ్చే డెస్ఫెరియాక్సమిన్‌ను 1990ల్లో అమెరికాలో కొద్దిమంది ఎం.ఎస్. రోగులకు ఇచ్చి చూశారు. జబ్బు ఆగలేదు. ఇంతకన్నా పెద్ద కథ ఇటలీలో నడిచింది. ఫెరారాకు చెందిన రక్తనాళాల సర్జన్ పావ్లో జంబోని భార్యకు ఈ జబ్బు. మెడలోని సిరలు ఇరుకై, రక్తం వెనక్కి తన్ని, ఇనుము మెదడులో పేరుకుంటోందని, బెలూను పెట్టి సిరను వెడల్పు చేస్తే సరిపోతుందని ఆయన 2009లో ప్రతిపాదించాడు. లోకమంతా ఊగిపోయింది. కెనడా రోగులు 2010, 2011ల్లో మన దేశంలోని ప్రైవేటు ఆస్పత్రులకు వచ్చి మరీ చేయించుకున్నారు. 2013లో కెనడా పరిశోధకులు ఆరోగ్యవంతుల్లోనూ సిరలు అలాగే ఇరుకుగా ఉన్నాయని తేల్చారు. చివరికి 2017లో జంబోని నడిపిన పరీక్షలోనే ఆ చికిత్స వల్ల ప్రయోజనం లేదని తేలింది. తన సిద్ధాంతం తప్పిందని చూపే ఫలితాన్ని తనే ప్రచురించాడు. ఆ మాత్రం నిజాయితీకి దండం పెట్టాలి. కానీ అప్పటికే అప్పులు చేసినవాళ్ల సంగతి? ఈ బెలూను కబురు ఎవరో పిన్ని చెవిన కూడా వేశారు. ఎకరం అమ్మాలా అని బాబాయి ఆలోచనలో పడ్డాడట!

పిన్ని పారేసిన మాత్రల విషయానికొద్దాం. చెల్లి హిమోగ్లోబిన్ తొమ్మిది కూడా లేదు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఎం.ఎస్. అలసట మామూలు అలసట కాదు, పడుకుని లేచినా తీరదు. దానికి రక్తహీనత తోడైతే మనిషి మంచం దిగదు. తిన్న ఇనుము నేరుగా వెళ్లి మచ్చ అంచున కూర్చోదు. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి కాపలా ఉంది. "రక్తం పెరగాలంటే మాత్ర వేసుకోవాల్సిందే, గోంగూర తినాల్సిందే" అని డాక్టరు తేల్చేశారు. టీతో పాటు మాత్ర వేసుకుంటే ఒంటికి పట్టదని కూడా చెప్పారు. మా ఇళ్లల్లో టీ గ్లాసు లేకుండా మాత్ర గొంతు దిగదు మరి.

ఎం.ఎస్.ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ కొత్త దాడుల్ని తగ్గించి, తరుగుదలను నెమ్మదింపజేసే మందులు 1993లో ఇంటర్‌ఫెరాన్‌తో మొదలై చాలానే వచ్చాయి. ఖరీదే అసలు సమస్య. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో ఎం.ఎస్.కి మూడు మందులు చేర్చింది. వాటిలో రిటుక్సిమాబ్ ఒకటి. క్యాన్సరు కోసం వచ్చిన మందిది. దీనికి ప్రతిరూపాన్ని 2007లోనే తక్కువ ధరకు తెచ్చింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్. దాన్ని స్థాపించిన కల్లం అంజిరెడ్డి మన తాడేపల్లి పసుపు రైతు బిడ్డ, గుంటూరు ఏసీ కాలేజీ విద్యార్థి. ఈ ముక్క చెబితే బాబాయి ముఖం వెలిగింది. "మనోడి మందేనా? అయితే వాడదాం" అన్నాడు. సైన్సుకు అది కారణం కాదు కానీ, నేను కాదనలేదు.

స్కానింగ్ వైపు కూడా మన పేరు వినబడుతుంది. హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పొన్నాడ ఎ. నారాయణ ఎం.ఎస్. ఎమ్మారైల మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. 1008 మంది స్కానులు ఇచ్చి కంప్యూటరుకు నేర్పి, సిరలోకి రంగు మందు ఎక్కించకుండానే కొత్తగా మంటెక్కిన మచ్చల్ని గుర్తుపట్టగలమా అని ఆయన బృందం పరీక్షించి 2020లో ప్రచురించింది. ఇంకా ఆస్పత్రులకు చేరని పని. చేరితే ఏటా స్కాను తీయించుకోవాల్సిన చెల్లెళ్లకు ఒక సూదీ, కొంత ఖర్చూ తప్పుతాయి.

వికలాంగుల హక్కుల చట్టం 2016 ఎం.ఎస్.ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్టిఫికెట్టుకు అర్హత ఉందో లేదో డాక్టర్లు చూసి చెబుతారు. రోగులకు అండగా 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. చెల్లి ఆ రెండింటి గురించీ విని, "ఇప్పుడే వద్దులే అన్నయ్యా, నేను బాగానే ఉన్నాగా" అంది. నేను బలవంతం చేయలేదు.

మొదటి డోసు మందు ఎక్కించి మూడు వారాలైంది. నిన్న పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. పెనం అటక దిగింది కానీ వారం పది రోజులు వాడకపోయేసరికి తుప్పు పట్టిందట. చింతపండేసి తోముతోంది. "మాత్ర టీకి ముందా, తర్వాతా?" అని అడిగింది. రెంటికీ మధ్య గంటన్నా ఉండాలని చెప్పాను. వెనక నుంచి చెల్లి గొంతు వినిపించింది, "అమ్మా, టీ మానేస్తాలే, గోంగూర పచ్చడి చెయ్యి ముందు!"

తర్వాతి స్కాను ఆరు నెలలకు. పాత సీడీని బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది పిన్ని.